తడిమట్టిలో నీలి

"నీలీ, ఆ తడిమట్టిలోంచి లేచి రా తల్లీ," అని తల్లి ఎలుక పిలిచింది.

మేనమామ వరసయ్యే పందికొక్కు పొద్దున తెచ్చిచ్చిన వేరుశనగ విత్తనాలు సాయంత్రపు మబ్బులా గులాబీ రంగులో ఉన్నాయి. అవి తిన్నప్పటి నుంచీ నీలి ఒళ్లు చల్లబడిపోయింది. చలేస్తే ఎలుకలన్నీ కుప్పగా హత్తుకుని పడుకుంటాయి. నీలిని ఎన్నిసార్లు ఆ కుప్ప మధ్యకు లాగినా మళ్లీ తడిలోకే పాకుతోంది.

"గారాబం చేశావక్కా, అందుకే ఆ పొగరు," అంది పందికొక్కు.

తల్లికి ఒళ్లు మండింది.

"పొగరా? చలేదో వెచ్చనేదో దాని ఒంటికి తెలియడం లేదురా. గింజలు తెచ్చింది నువ్వే కదా, నువ్వొక్కటైనా ఎందుకు కొరకలేదు?"

పందికొక్కు ఒక అడుగు వెనక్కి వేసింది.

"వాటికి పురుగుమందు పట్టించారని నాకు తెలుసక్కా. నీలి తిని బతికితే నేనూ తిందామనుకున్నాను."