బిగుసుకున్న మూత

“ఇంకాస్త గట్టిగా తిప్పు సారూ! పొద్దున గంజి తాగలేదా?”

రొయ్యపిల్లల్ని పెంచే హేచరీ గేటు బయట నిలబడి లువా అరిచింది. లోపల తోవాన్ నీళ్ళు శుద్ధి చేసే క్లోరిన్ డబ్బాను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని మూతతో కుస్తీ పడుతున్నాడు. మూత ఇసుమంత కూడా కదల్లేదు. అది చూస్తుంటే లువాకి ప్రాణం లేచివచ్చినట్టుంది.

ఎనిమిదేళ్ళు ఆ మూతలు తీసింది ఆమే. నలభై అయిదు కిలోల డబ్బాలు. ఈ బాక్ లియూ తీరం ఎండకి వాటి మూతలు అంచుల్ని కరుచుకుపోతాయి. గునపం పెట్టి పగలగొడితే చెమ్మ తగిలి మందు పాడవుతుంది. అందుకే మూతలు తీయడానికని ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేది. మూడు వారాల కిందట, టెక్నీషియన్‌గా చేరిన రోజే తోవాన్ పనివాళ్ళందరి ముందూ ఒక కాగితం చదివాడు. ఇకమీదట మూతల పని టెక్నీషియనే చూసుకుంటాడట, లువా రేపట్నుంచి రానక్కర్లేదట. కాగితం రాసింది యజమానురాలు తాం. చదివిన గొంతు మాత్రం తోవాన్‌ది. లువాకి ఆ గొంతే గుర్తుండిపోయింది. అతను చేరాక కొత్త డబ్బాలు తెరవాల్సి రావడం ఇదే మొదటిసారి.

ఆదివారం ఆమె బస్సెక్కాలి. ఎక్కడో దూరాన బిన్ యువాంగ్‌లో చెప్పుల ఫ్యాక్టరీలో పని దొరికింది. ఏడేళ్ళ కూతురు న్యీని అమ్మమ్మ దగ్గర వదిలి వెళితే, మళ్ళీ కొత్త ఏడాది టెట్ పండక్కి గానీ చూడలేదు. ఇదంతా ఎవడివల్ల? వాడివల్ల కాదూ! వాడు దిక్కుమాలిపోవాలని, పెద్దల పటాల ముందు రోజూ అగరుబత్తి వెలిగించి మరీ మొక్కుకుంటోంది.

“ఎల్లుండి తల్లి రొయ్యలొచ్చేస్తున్నాయయ్యా! ఇవాళ నీళ్ళలో మందు పడకపోతే నా కొంప మునుగుతుంది!” తాం నెత్తి బాదుకుంది. అప్పటికే మరో నలుగురు మగాళ్ళు ఆ మూతలతో తలపడి అరచేతులు బొబ్బలెక్కించుకున్నారు.

“నావల్ల కాదమ్మగారూ,” తోవాన్ చెమట తుడుచుకున్నాడు. “లువక్క తప్ప ఇంకెవరూ తీయలేరు.”

“అయితే పిలువు మరి! బయటే ఉందిగా.”

లువా గేటు దాటి రాలేదు. నడుం మీద చేతులు పెట్టుకుంది.

“వస్తాను. ముందు ఆ పెద్దమనిషి నాకు క్షమాపణ చెప్పాలి. ఊరికే నోటితో కాదు, బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని, తల వంచి, ఇందరి ముందూ చెప్పాలి.”

ఇరవయ్యారేళ్ళవాడు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా వచ్చి ఆమె ఎదుట నిలబడి చేతులు కట్టుకున్నాడు.

“తప్పయిందక్కా.”

“వినపడలేదు.”

“తప్పయిందక్కా!”

“ఏం తప్పు? విడమరిచి చెప్పు, అందరూ వింటారు.”

“మీ పని నేను చేసేయగలనని... ఎగిరిపడ్డం.”

“చేతకానివాణ్ణని ఒప్పుకో.”

“చేతకానివాణ్ణక్కా.”

ట్యాంకులు కడిగే ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. లువా కూడా నవ్వింది. మూడు వారాలుగా కడుపులో రగులుతున్నది కొంత చల్లారింది. కొంతే.

“ఇంకో మాట అమ్మగారూ. నా పని నాకే అని కాగితం రాసివ్వండి. రేపు ఇంకో చదువుకున్నాడొస్తే మళ్ళీ నన్ను తరిమేస్తారు.”

తాం గొణుక్కుంటూనే అక్కడికక్కడే రాసి సంతకం పెట్టింది. లువా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని మడిచి జేబులో పెట్టుకుంది.

“డబ్బా పట్టుకో సారూ. కదిలిందంటే ఊరుకోను.”

పొడిగుడ్డతో అంచు తుడిచింది. చెక్కముక్కతో మూత చుట్టూ టకటకా కొట్టింది. సైకిల్ ట్యూబు ముక్కను మూతకి చుట్టి, ఘాటు తగలకుండా మొహం పక్కకి తిప్పుకుని ఒక్క లాగు లాగింది. మూత కిర్రుమని తిరిగింది.

“నేర్చుకో! కాలేజీలో చెప్పి ఉండరు.”

“లేదక్కా, చెప్పలేదు.”

అరగంటలో నాలుగు మూతలూ ఊడాయి, నాలుగు డబ్బాల మందూ ట్యాంకుల్లో పడింది. “ఏం చదువయ్యా నీది! మూత తీయడం రాని చదువు!” అని తాం అందరి ముందూ తోవాన్‌ని కడిగిపారేసింది. ఆ తిట్లు లువాకి కొబ్బరినీళ్ళు తాగినంత హాయిగా ఉన్నాయి.

వెళ్ళబోతుంటే తోవాన్ ఎదురొచ్చాడు.

“అక్కా, ఇక ఆదివారం బస్సెక్కరు కదా?”

“ఎక్కితే నీకేం, ఎక్కకపోతే నీకేం?”

“ఏం లేదక్కా. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు మా అమ్మ కూడా ఆ బస్సే...”

“నీ కథలు నాకు చెప్పకు!” ఆమె కాగితమున్న జేబు తడుముకుని, తల ఎగరేసుకుంటూ ఇంటికి నడిచింది.

అందరూ భోజనాలకి వెళ్ళారు. తోవాన్ నీళ్ళు పరీక్ష చేశాడు. చివరి ట్యాంకులో మందు కొద్దిగా తగ్గింది. గోదాంలో ఇంకో డబ్బా ఉంది, ఇంకా తెరవనిది. అక్కడికి వెళ్ళి చుట్టూ చూశాడు. ఎవరూ లేరు.

తన జేబులోంచి ఎన్నాళ్ళుగానో వాడి అరిగిపోయిన సైకిల్ ట్యూబు ముక్క తీసి, ఒక్క తిప్పులో మూత ఊడదీశాడు.