కట్టెల పక్క చోటు

నల్లపెట్ట గూటి పక్కన, కట్టెల కింద రక్తపింజరి చేరింది. పెట్ట పరుగున వెళ్లి పుంజుతో చెప్పింది.

"అరవకు! అది ఎలుకల్ని తినబట్టే మన గింజలు మిగులుతున్నాయి," అని కసిరింది పుంజు.

పెట్ట నోరు మూసుకుంది. మూడో రోజు పాము దాని చిన్నపిల్లను కాటేసి చంపింది. పరామర్శకు వచ్చిన కోళ్లన్నీ, "పిల్లను అటెందుకు వదిలావమ్మా?" అని దాన్నే తప్పుపట్టాయి. పెట్ట ఏడ్చి ఏడ్చి, మిగిలిన పిల్లలతో పెరటి అవతలి మూలకు మారిపోయింది.

ఆ పెరట్లోకి కొత్తగా వచ్చిన బాతు, "వదినా, కట్టెల పక్క చోటు ఖాళీయేనా? అక్కడ గుడ్లు పొదగనా?" అని అడిగింది.

పాముకి అక్కడే కడుపు నిండితే ఇటు రాదు కదా అనుకుంది పెట్ట. పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

"పొదుగు వదినా. చల్లగా ఉంటుంది," అంది.