నీలం మీది నీడ

“మెరుపు సంగతి తర్వాత. ముందు ఆ పేరు పోవాలి,” అన్నాడు తండ్రి.

పాలిష్ మేస్త్రి వంగి, పెరట్లో షెడ్డు ముందున్న ఫైబర్ పడవ పక్కను అరచేత్తో నిమిరాడు. చేతికి సుద్దలాంటి పొడి అంటింది. ఏళ్ల తరబడి ఎండలో ఉండి పడవ నీలమంతా పాలిపోయింది. ఒక్కచోట మాత్రం, ఒకప్పుడు అతికించిన అక్షరాలు ఊడిన మేర, రంగు మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది. నాలుగు అక్షరాలు. నిరుడు పోయిన కూతురి పేరు.

“పేరు ఎప్పుడో ఊడిపోయిందండీ. ఇది దాని నీడ,” అన్నాడు మేస్త్రి. “ఇది పోవాలంటే పై పొర అరగదీయాలి. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా మళ్లీ రాదు. ఆలోచించుకోండి.”

ఆలోచించుకోవడానికి ఏమీ లేదన్నాడు తండ్రి. తన భార్య రోజూ పొద్దున్నే వచ్చి ఆ పేరును ఆనుకుని కూర్చుంటుందనీ, పొద్దువాలేదాకా లేవదనీ, అన్నం కూడా అక్కడికే తెచ్చిపెట్టవలసి వస్తోందనీ చెప్పాడు. ఇవాళ ఆమె చెల్లెలు బతిమాలి తన ఇంటికి తీసుకువెళ్లిందట. ఆమె తిరిగి వచ్చేలోగా పని పూర్తికావాలి.

“అది కనబడినంతకాలం తను మళ్లీ మనిషి కాదు, మేస్త్రీ.”

“మరి మీ సంగతి?”

“నాదేముందిలే.”

అరగదీసేచోట చెంబుతో నీళ్లు తానే పోస్తానన్నాడు తండ్రి. మేస్త్రి గరుకు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి, సన్నదానికి, ఇంకా సన్నదానికి మారాడు. నీలం కలిసిన నీళ్లు పడవ అంచు వెంట కారి నేలలో ఇంకిపోతున్నాయి. ఊరికే ఉండలేక మేస్త్రి, పడవకు రాబోయేంత మెరుపు ఈ చేతులు ఇంతకుముందు తెచ్చింది తన బట్టతలకొక్కదానికేనన్నాడు. తండ్రి నవ్వబోయి మధ్యలోనే మానుకున్నాడు.

మూడు అక్షరాలు పోయాక చెంబు కింద పెట్టాడు.

“కాసేపు ఆగు.”

చివరి అక్షరం మీద చూపుడువేలు ఆనించి, మొదటిసారి పలక పట్టిన పిల్ల చేత దిద్దిస్తున్నట్టు, మెల్లగా ఒకసారి దిద్దాడు. మళ్లీ దిద్దాడు. ఆ పైన తనే చెంబు ఎత్తి నీళ్లు పోశాడు.

మెరుగుపెట్టే కాంపౌండ్ రుద్ది, మైనం పట్టించి, మెత్తని గుడ్డతో తుడిచేసరికి ఎండ వాలింది. ఎదుట నిలబడితే ముఖం కనిపించేంతగా మెరిసింది పడవ. అంతలో వీధి తలుపు చప్పుడైంది. తండ్రికి ధైర్యం చాలలేదు. నువ్వే చెప్పమని సైగ చేసి, షెడ్డు తలుపు చాటుకు తప్పుకున్నాడు.

ఆమె నేరుగా తాను రోజూ కూర్చునే చోటికి వచ్చి ఆగిపోయింది. ఆ మెరుపు మీద అరచేయి ఆనించి, ఎక్కడైనా కాస్త మిగిలిందేమోనని అటూ ఇటూ వెతికింది. మేస్త్రి తిట్లకు సిద్ధపడ్డాడు. అయ్యగారిని కాపాడాలనిపించింది.

“తప్పు నాదేనమ్మా. అయ్యగారు మెరుపు మాత్రమే తెమ్మన్నారు. నేనే చూసుకోకుండా అరగదీసేశాను.”

“అంతా పోయిందా?”

“అంతా పోయిందమ్మా.”

ఆమె కోప్పడలేదు. చాలా దూరం మోసుకొచ్చిన బరువు దించినట్టు నేల మీద కూలబడింది. మేస్త్రి చేతుల వైపు చూసింది.

“నీ చేతులు చల్లగుండ, నాయనా. ఆ పేరు చూస్తే ఆయన తట్టుకోలేరని, ఇన్నాళ్లూ నా వీపు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.”