దండెం మీద మొగుడు

"రేపటి నుంచి బట్టలు బయట ఆరేయొద్దు అమ్మాయ్. లోపలే తాడు కట్టుకో."

ఇంటావిడ మెట్లు సగం ఎక్కి అక్కడే నిలబడి చెప్పింది. పై వాటాలో అద్దెకుంటున్న ఇస్త్రీ అమ్మాయి చేతిలో తడి చొక్కా అలాగే ఉండిపోయింది. నీలం గళ్ళ చొక్కా, మగవాళ్ళది.

"ఎందుకు పిన్నిగారూ?"

"నీళ్ళు కారి గోడ పాడవుతోందట. మా ఆయన మాట. నువ్వే కాదు, నేను కూడా లోపలే వేస్తున్నా."

"ఉన్నది ఒక్క కిటికీ. బట్టలు ఆరక ముక్కవాసన వస్తాయి. పైగా మావారు పగలంతా ఆ గదిలోనే పడుకుంటారు."

"నేనేం చెయ్యనమ్మా? మా ఆయన ఒకసారి అన్నారంటే ఇక అంతే. మగాళ్ళని మాట్లాడుకోమంటే మాటా మాటా పెరుగుతుంది. ఎందుకొచ్చిన గొడవ, మనలో మనం సర్దుకుపోదాం."

ఆ చివరి మాటకు మాత్రం అమ్మాయి ప్రాణం కుదుటపడింది. మాట్లాడ్డానికి తన వైపు మగాడంటూ ఉంటే కదా.

ఈ ఇల్లు మొగుడూ పెళ్ళాలకే ఇస్తారు. అదీ ఇంటాయన మాటే, ఇంటావిడ నోట విన్నది. దీనికి ముందు పదకొండు ఇళ్ళవాళ్ళు "ఒక్కదానివేనా" అని అడిగి తలుపేసుకున్నారు. పన్నెండో ఇంట్లో అమ్మాయి రాత్రి డ్యూటీ చేసే మొగుణ్ణొకణ్ణి కల్పించుకుంది. మంచి మొగుడు. తిండి అడగడు, గురక పెట్టడు. ఆయనకున్నదల్లా రెండు చొక్కాలు. తను పనిచేసే లాండ్రీలో ఎవరూ వచ్చి తీసుకెళ్ళని మూటలోంచి తెచ్చినవి. నీలం గళ్ళది ఒకరోజు, బూడిదరంగు చారలది ఒకరోజు తడిపి బాల్కనీ దండెం మీద వేస్తే చాలు, వీధి మొత్తానికీ ఆమె మొగుడు ఇంట్లో ఉన్నట్టే. ఆ మొగుణ్ణి గదిలో ఆరేస్తే ఎవరికి కనపడతాడు?

అయినా ఏం చేస్తుంది? ఆ గోడ నుంచి ఈ గోడకు తాడు కట్టింది. తల ఎత్తితే చొక్కా చేతులు చల్లగా మొహానికి తగిలేవి. కిటికీకి అడ్డంగా దుప్పటి, పగలే చీకటి. మూడో రోజుకు గోడ చెమ్మగిల్లింది, దిండు కూడా తడి వాసనేసింది. ఊపిరాడక తలుపు తీద్దామంటే ఎదురింటివాళ్ళకు మొగుడు లేని గది కనపడుతుంది. వంగి వంగి తిరిగి నడుము పట్టేసింది గానీ తలుపు మాత్రం తీయలేదు.

నాలుగో రోజు పని నుంచి వస్తుంటే ఎదురింటావిడ గేటు దగ్గరే పట్టుకుంది.

"మీ ఆయన ఊళ్ళో లేడా? చొక్కా కనపడటం లేదు."

"ఉన్నారండీ. లోపల ఆరేస్తున్నాం."

"ఆర్నెల్ల నుంచీ చొక్కానే చూశాం, మనిషిని చూళ్ళేదు. ఇప్పుడు ఆ చొక్కా కూడా లేదు." ఆవిడ నవ్వింది. "అసలున్నాడా?"

అమ్మాయి కూడా నవ్వింది, తేలు కుట్టిన దొంగలా. గబగబా గది చేరింది. ఆ నోట్లో పడ్డ మాట ఇంటాయన చెవిన పడడానికి ఎంతసేపు? పదమూడో ఇల్లు వెతుక్కునే ఓపిక తనకు లేదు. బయట ఆరేస్తే ఇంటాయన ఊరుకోడు, లోపల ఆరేస్తే వీధి ఊరుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తెల్లారగానే నీలం గళ్ళ చొక్కా తెచ్చి బాల్కనీ దండెం మీద వేసింది. ఒక్క చొక్కాకే నాలుగు క్లిప్పులు పెట్టింది. నాలుగోది పెడుతుండగానే ఇంటావిడ ఆయాసపడుతూ పైకొచ్చింది.

"తీసెయ్ అమ్మాయ్. మా ఆయన చూస్తే ఊరుకోరు."

"బాబాయిగారితో నేనే మాట్లాడతాను. కాళ్ళయినా పట్టుకుంటాను."

"పడుకున్నారు."

"లేచేదాకా కూర్చుంటాను."

"ఆయనకి నలుగురు వస్తే గిట్టదు. ఆగు, చెప్పేది విను."

అమ్మాయి ఆగలేదు. ఇంటావిడ మోకాళ్ళు ఒక్కో మెట్టూ దిగేలోపే కింది వాటాలోకి వెళ్ళి పడగ్గది తలుపు నెట్టేసింది.

మంచం మీద పరిచిన దుప్పటి నలగలేదు. మంచానికి పైన తాడు, తాడు మీద మూడు మగ చొక్కాలు. మనిషి లేడు.

రోజుకు వంద చొక్కాలు ఇస్త్రీ చేసే చెయ్యి. అలవాటుగా మొదటి చొక్కా కాలరు మీదికి పోయింది. తొడుక్కునే చొక్కా ఏదైనా ముందు కాలరు మడత దగ్గరే అరుగుతుంది. ఈ చొక్కాకు భుజాలు ఎండకు జల్లెడైపోయాయి, కాలరు మడత మాత్రం కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

వెనక ఇంటావిడ వీధి తలుపు గడియ పెట్టి వచ్చి, మంచం అంచున కూలబడింది.

"పిన్నిగారూ, బాబాయిగారు..."

"పద్నాలుగేళ్ళు ఎండలో వేశానమ్మా, చిరిగిపోయారు. మీ ఆయన ఒక్కడే బయట ఆరుతుంటే మావారేరని వీధి అడగదూ? అందుకే నిన్ను కూడా లోపలికి తోశాను." చేత్తో కళ్ళు తుడుచుకుని గొంతు తగ్గించింది. "నీకు ఇద్దరున్నారు కదా. ఆ చారలాయనకి కాస్త రంగు వేసి నాకిచ్చెయ్, రేపటి నుంచి ఇద్దరం బయటే ఆరేసుకుందాం."