ఎర్ర నీళ్లు

"ఈ నీళ్లు మేం తాగం!"

దీనమ్మ చేదను బావి గట్టు మీద బోర్లించింది. ఎర్రటి నీళ్లు ఏబేలు కాళ్ల దాకా పారాయి.

బావి చుట్టూ పాలెమంతా మూగింది. పొద్దున హెల్త్ వాళ్లు వచ్చి, కలరా మందని చెప్పి ఏదో పొడి కలిపి పోయారు. నీళ్లు ఎర్రబడ్డాయి. మామూలు రోజులైతే నాలుగు తిట్లు తిట్టుకుని తాగేవాళ్లేమో. కానీ ఎల్లుండే జిల్లా బోర్డు ఎన్నిక. ఓటు పెట్టెలకు రంగులు వేశారు. ఒకాయనది ఎర్ర పెట్టె, ఇంకొకాయనది తెల్ల పెట్టె. ఇంక చెప్పాలా!

"అల్లుడా, నువ్వు గుడిలో వాక్యం చదివేవోడివి, నువ్వు చెప్పు," అంది వరసకు అత్తయ్యే దీనమ్మ. "ఇది ఎర్ర పెట్టె వాళ్ల పని గదా? ఈ నీళ్లు తాగితే మనిషి చెయ్యి దానంతటదే ఎర్ర పెట్టె కాడికి పోతాదంట!"

ఏబేలుకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. అది మందేనని అతనికి బాగా తెలుసు. పొద్దున తన పాలెం నుంచి బయలుదేరేటప్పుడు పెళ్లాం లీదియాకు తానే చెప్పి వచ్చాడు: "ఇయ్యాళ మన బాయిలో ఎర్ర మందేస్తారు. పాపకు ఆ నీళ్లే తాపు. వాగు జోలికి పోవాకు." ఎగువ ఊళ్లలో కలరాతో పోయినవాళ్ల బట్టలన్నీ ఆ వాగులోనే ఉతుకుతున్నారు మరి.

"ఏబేలూ, ఇట్ల రా."

బండిలోంచి చెన్నకేశవులు శెట్టి పిలిచాడు. తెల్ల పెట్టె ఆయనదే. కర్పూరం మూట ముక్కుకు అదుముకుని, బండి దిగకుండానే ఓట్లడుగుతున్నాడు మహానుభావుడు.

"ఈ పాలెంలో పట్టాలుండి ఓటు హక్కున్నోళ్లు పదహారు మంది," అన్నాడు మెల్లగా. "నువ్వు ఊ అను చాలు, పదహారు ఓట్లూ మనవే."

"అయ్యా, అది కలరా మందు. తాగకుంటే పానాలు పోతాయి."

"రెండు దినాలే గదరా! ఓట్లు పడినాక నువ్వే వచ్చి నిజం చెప్పు. నేను గెలిస్తే ఏం చేస్తానన్నా?"

"అర్ధవీడులో ఆసుపత్రి పెట్టిస్తానన్నారు."

"మరి ఓడితే పెట్టిస్తానా?"

ఆ ఆసుపత్రి కోసమే ఏబేలు నెల రోజులుగా ఒక్క కానీ ముట్టకుండా శెట్టి వెంట ఊరూరూ తిరుగుతున్నాడు. పోయిన ఏడు పెద్దపిల్లను భుజాన వేసుకుని కంభం ఆసుపత్రికి పరుగెత్తాడు. సగం దారిలోనే పిల్ల పోయింది. ఇప్పుడు మిగిలింది ఒక్క పాప.

చేతులు పిసుక్కుంటూ బావి దగ్గరికి వచ్చాడు.

"ఏంది అల్లుడా, చెప్పవేంది?"

"అవునత్తా," అన్నాడు తల వంచుకుని. "వాళ్ల పనే. తాగొద్దండి."

"చూసినారా! నేను మొత్తుకోలా?"

దీనమ్మ కడవ చంకన పెట్టుకుని వాగు దారి పట్టింది. ఆడవాళ్లంతా ఆమె వెనకే నడిచారు.

"కాచుకుని తాగండత్తా! కాచుకుని!" అని ఏబేలు కేకేశాడు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు.

పక్కన వేరుశెనక్కాయల బండి కడుతున్న ఓబులయ్య అడిగాడు. "ఏబేలూ, నేను మీ పాలెం మీదుగానే అర్ధవీడు పోతాండా. ఇంట్లో ఏమన్నా చెప్పాల్నా?"

"పొద్దు గూకే లోపల వస్తానని చెప్పు మామా."

తర్వాతి ఊళ్లో ఏబేలుకు కాలు నిలవలేదు. తెల్ల పెట్టె అనబోయి రెండుసార్లు ఎర్ర పెట్టె అన్నాడు. శెట్టి కళ్లెర్ర చేశాడు. ఎవరింటి ముందు కడవ కనిపించినా దీనమ్మ కడవే గుర్తొస్తోంది. ఛీ, ఏం పని చేశాను! పదహారు ఓట్లంటే పదహారు ఇళ్లు. ఆ ఇళ్లలో పిల్లలు లేరా?

"కడుపులో తిప్పుతోందయ్యా," అన్నాడు చివరికి.

ఆ మాట వినీ వినగానే శెట్టి బండి ఊరు దాటేసింది.

ఏబేలు ఇంటిదారి పట్టాడు. దారి పొడుగునా తనను తాను తిట్టుకుంటూనే నడిచాడు. తెల్లారగానే దీనమ్మత్త కాళ్లు పట్టుకుని నిజం చెప్పేస్తా. ఓట్లు పోతే పోనీ. ఆసుపత్రి రాకపోతే రాకపోనీ. ముందు ఇంటికి పోయి పాపను ఒకసారి కళ్లారా చూసుకోవాలి. ఆ మాట అనుకున్నాక కాస్త ఊపిరాడింది.

పొద్దు గూకుతుండగా గడప ఎక్కాడు. లీదియా ఎదురొచ్చి చెంబు అందించింది. గటగటా తాగేశాడు. ఆమె ఇంకో చెంబు ముంచి ఇచ్చింది. నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. చెంబు అడుగు తేటగా మెరుస్తోంది.

"ఏందే ఇది? మన బాయిలో మందెయ్యలేదా?"

"వేసినారు. కడవ నిండా తెచ్చినా గూడా. మధ్యాహ్నం ఓబులయ్య మామ బండి ఆపి అంతా చెప్పినాడు. బాయికాడ నిలబడి ఎర్ర పెట్టె వాళ్ల గుట్టు రట్టు చేసినావంట గదా!" లీదియా మొహం వెలిగిపోతోంది. "పొద్దున నీకూ తెలీక తాగమన్నావులే. ఆ మాట వినంగానే పాలెమంతా ఎర్ర నీళ్లు పారబోసినారు. ఇంకెవురన్నా చెప్పుంటే నమ్ముదుమా?"

ఏబేలు చెంబు కింద పెట్టేశాడు. "మరి ఈ నీళ్లు..."

"భయపడాకయ్యా, రంగు నీళ్లు కాదులే," అంది లీదియా, ఉయ్యాల్లో పాప మూతిని కొంగుతో తుడుస్తూ. "నీ మాట వినింకాడ్నించి పాపకు వాగు నీళ్లే తాపుతాండా."