తెలియని నంబరు

దేవుణ్ణి తలుచుకుంటూనే తమ్ముడి లిఫ్టు రిపేరు కంపెనీకి వెళ్లాను. కోపం చల్లారలేదు.

"రా అక్కా! బయటి ఫోన్లు కూడా ఇక మా ఆఫీసు చాట్‌లోనే మోగుతాయి. ఒక్క ఫోనూ తప్పిపోదు."

"పొద్దున నేను చేస్తే ఎవరూ ఎత్తలేదేం?"

తెర చూపించాడు. ‘తెలియని నంబరు’. దాని కింద అందరూ పెట్టిన బొటనవేలి గుర్తులు. మొదటిది వాడిదే.

"పేర్లింకా ఎక్కించలేదక్కా. చూశామని వేలు పెట్టాం. ఎవరో ఒకరు ఎత్తుంటారనుకున్నా."

"అమ్మ లిఫ్టులో ఇరుక్కుందిరా."

వాడి మొహం పాలిపోయింది. "అయ్యో! ఎలా ఉంది?"

"బాగానే ఉంది. మీ పోటీ కంపెనీవాళ్లు వచ్చి బయటికి తీశారు. ‘మీ అబ్బాయిదీ లిఫ్టు రిపేరు కంపెనీయే కదమ్మా?’ అనడిగారు."

"అమ్మేమంది?"

"‘వాడెవరో నాకు తెలియదు నాయనా’ అంది."