పిడిలో పట్టే చెయ్యి

"ఎవరో ముసలావిడ, మన కత్తి చూడాలంటోంది," అంది భార్య.

ఇంటాయనకు చిర్రెత్తుకొచ్చింది.

పాత ఆయుధాల వయసు, విలువ తేల్చే నిపుణురాలు అప్పుడే కత్తిని బల్లమీద పెట్టి భూతద్దం తీసింది. ఆ కత్తి మ్యూజియంలో తాతయ్య పేరుతో ఉండాలని అతని చిరకాల కోరిక. ఆవిడ ఔనంటే చాలు.

విసవిసా గుమ్మం దాకా వెళ్లాడు.

"ఏం కావాలమ్మా?"

"ఏం వద్దు నాయనా. ఒక్కసారి ఆ కత్తి చూసి పోతాను."

"దారినపోయే వాళ్లందరికీ చూపించడానికి ఇదేమైనా తమాషానా? వెళ్లండి."

ఆవిడ నొచ్చుకోలేదు. అతన్ని తల నుంచి కాళ్ల దాకా కళ్లారా చూసింది.

"ఎంతవాడివయ్యావు!" అంది మురిపెంగా.

బట్టతల వచ్చిన మనిషితో ఇదేం మాటనుకుని, ధడాలున తలుపేశాడు.

"కత్తికి రెండు వందల ఏళ్ల పైమాటే," అంది నిపుణురాలు. "కానీ యుద్ధం ముఖం చూడలేదు. ఊరేగింపుల్లో నడుముకు కట్టుకునే సొగసు కత్తి."

అతని ప్రాణం ఉసూరుమంది.

"మరి అంచు మీద ఆ నొక్కులు?"

"దాని వయసు ముందు అవి నిన్నమొన్నటివి. చెక్కను నరికినవి."

"అవే, అవే! తాతయ్యవి!" గంతేసినంత పని చేశాడు. "నాకు రెండేళ్లప్పుడు ఇల్లంటుకుంది. లోపలి గదిలో చిక్కుకుపోయాను. తాతయ్య ఈ కత్తితోనే తలుపు నరికి నన్ను బతికించాడు."

"ఆయనే చెప్పారా?"

"అబ్బే, ఆ ఊసెత్తితే లేచి వెళ్లిపోయేవాడు. అంత నిగర్వి."

ఆవిడ కత్తిని తిప్పింది.

"మీ తాతగారి చెయ్యి చిన్నదా?"

"ఆయనదా? చేటంత చెయ్యి! ఈ పిడిలో దూరేదే కాదని..."

అంటూనే పిడి వంక చూశాడు.

"ఇలా చూడండి," అంది ఆవిడ మెల్లగా.

కత్తిని పిడిలో బిగించడానికి పోసిన లక్క ఎప్పుడో వేడికి కరిగి, బయటికి పొంగి గడ్డకట్టింది. భూతద్దం కింద అందులో వేళ్ల ముద్రలు, గీతలతో సహా.

మరిగే లక్కలో కాలుతూ కూడా పిడి వదలని వేళ్లు!

అతను తన చిటికెన వేలు ఆనించాడు. పట్టలేదు.

"అప్పుడు ఇంట్లో ఇంకెవరున్నారు?"

"నన్ను ఆడించే పిల్ల ఒకతి ఉండేదట. పన్నెండో పదమూడో ఏళ్లది. మంటలకు జడిసి పారిపోయిందని..."

"జడిసింది మంటలకు కాదేమో." నిపుణురాలు ఆ ముద్రల వంక చూసింది. "మీ కత్తి పాడుచేశానని జడిసిందేమో."

అతను చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు.

ఇటు చూశాడు, అటు చూశాడు. వీధి బోసిగా ఉంది.

తన కోసం ఒకనాడు తలుపు బద్దలు కొట్టిన మనిషి ముఖం మీదే అతను ఇందాక తలుపేశాడు.